మాటల్లేని ఇంట్లో టీవీ

పోయిన నెల మా పెద్దమ్మ పోయింది. తన కోసమని ఏనాడూ ఆస్పత్రి ముఖం చూడని మనిషి. పొద్దున్నే పేడకళ్ళెత్తి, పాలు పితికి, అరుగు మీద కూర్చుని కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి అలాగే గోడకు ఆనుకుందట. కబురు విని హోసూరు నుంచి బండి మీద పోతుంటే నాకు ఏడుపు కంటే ముందు ఆశ్చర్యం వచ్చింది. చావుకు ఈమె అంత తేలిగ్గా ఎలా ఒప్పుకుంది? కనీసం ఒక పూట తగువైనా పెట్టుకుని ఉండాలే!

మా నాన్నకు ఒక అన్న, ఒక తమ్ముడు. అన్న భార్య ఈ పెద్దమ్మ, తమ్ముడి భార్య చిన్నమ్మ. నాన్న కంపెనీ పని దొరికి హోసూరు చేరితే, మిగతా ఇద్దరూ ఉద్దనపల్లి పక్కన మా పల్లెలోనే ఉండిపోయారు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఒకే గొర్రెల మంద. కాలం గడిచి మగవాళ్ళిద్దరూ పోయారు. మేపేవాళ్ళు లేక మందను అమ్మేశారు. పెద్దమ్మకు పిల్లలు లేరు. చిన్నమ్మకున్న ఒక్క కూతురూ పెళ్ళయి కృష్ణగిరికి కాపురానికి పోయింది. ఆ ఇంట్లో చివరికి మిగిలింది తోడికోడళ్ళిద్దరూ, ఒక ఆవూ, ఒక టీవీ.

ఆ ఇద్దరికీ మాటల్లేవు.

ఎప్పటి నుంచంటే, నాకు మీసాలు రాకముందు నుంచి. మందలో గొర్రె ఎవరిదో తెలియడానికి పిల్లగా ఉన్నప్పుడే చెవి అంచు కత్తిరించి గుర్తు పెడతారు. చిన్నమ్మకు పుట్టింటివాళ్ళు ఇచ్చిన గొర్రె ఈనితే, ఆ పిల్ల చెవికి పెద్దమ్మ మా ఇంటి గుర్తు పెట్టేసింది. అడగకుండా పెట్టిందని చిన్నమ్మ. అడిగితే పలకలేదని పెద్దమ్మ. మాటా మాటా పెరిగి, "ఇంక నీతో మాట్లాడితే ఒట్టు" అని ఒకరంటే, "సూద్దాం, ముందు ఎవరు నోరు తెరిస్తే వాళ్ళు ఓడిపోయినట్లు" అని ఇంకొకరన్నారు. ఎవరు ఏదన్నారో ఇప్పటికీ తేలలేదు. ఆ గొర్రె పోయింది, దాని పిల్ల పోయింది, చివరికి మందే పోయింది. పంతం మాత్రం చెక్కుచెదరలేదు.

మాటల్లేవంటే ఇంట్లో మౌనంగా ఉంటుందని అనుకునేరు. అంత సందడిగా ఉండే ఇల్లు ఆ వీధిలో ఇంకొకటి లేదు. ఒకరితో ఒకరు తప్ప మిగతా అన్నిటితోనూ మాట్లాడేవాళ్ళు.

"ఓ రోలూ, రాగులు అయిపోయినాయి, మిల్లుకు పోవాల" అనేది పెద్దమ్మ, రోలు వైపు తిరిగి.

"ఓ కుక్కా, మధ్యాన్నం పోతానని చెప్పు. ఎండలో ఇప్పుడెవరు పోతారు" అనేది చిన్నమ్మ, వాకిట్లో పడుకున్న కుక్కతో.

"పొద్దుకూకినాక పోతే మిల్లోడు నీ మామ అని తెరిచి పెట్టుకోనుంటాడా, అడుగు రోలూ!"

గోడలకు చెవులుంటాయంటారు. ఆ ఇంట్లో రోలుకు, రోకలికి, నీళ్ళ బిందెకు కూడా ఉండేవి. కొత్తగా వచ్చినవాళ్ళు బిత్తరపోయేవాళ్ళు. మేము పిల్లలం మాత్రం దానికి అలవాటు పడి, మా ఇంట్లోనూ అమ్మానాన్నా కోప్పడుకున్నప్పుడు ఫ్రిజ్‌తో మాట్లాడమని సలహా ఇచ్చేవాళ్ళం.

పంతాల్లో చిన్నమ్మ తక్కువదేమీ కాదు. కానీ పెద్దమ్మ ముందు ఎవరైనా దిగదుడుపే. రాయకోట మార్కెట్టులో మండీవాడు టమాటాకు పిచ్చి రేటు చెప్పాడని, దించిన బుట్టలన్నీ మళ్ళీ బండికెక్కించి ఇంటికి తెచ్చేసింది ఒకసారి. "ఆవుకైనా ఏస్తాను గానీ నీ రేటుకు ఇయ్యనప్పా" అని వాడి ముఖం మీదే చెప్పిందట. ఆవు ఒక పూట తిని మానేసింది. పెద్దమ్మ వారం రోజులు మా అందరికీ టమాటా పచ్చడి, టమాటా చారు, టమాటా తొక్కు చేసి పెట్టింది. పారేయలేదు. పారేస్తే మండీవాడు గెలిచినట్టు కదా.

సెలవులకు పోతే మాతో పులిజూదం ఆడేది. అరుగు మీద సుద్దతో గళ్ళు గీసి, మూడు పెద్ద రాళ్ళు పులులు, చింతగింజలు మేకలు. పెద్దవాళ్ళు పిల్లలను ఊరికే గెలిపిస్తారు కదా, ఆమె గెలిపించేది కాదు. ఏడ్చినా గెలిపించేది కాదు. "ఏడిస్తే పులి మేకను ఇడిచిపెడతాదా? మళ్ళా ఆడు" అనేది. కొంగు నడుముకు దోపుకుని, ఒక మోకాలు పైకి పెట్టి, తమలపాకు నములుతూ గళ్ళ వైపు చూసే ఆ చూపు నాకు ఇంకా కళ్ళ ముందుంది. ఓడిపోయాను అన్న మాట ఆమె నోట వినడానికి మేమందరం ఎన్ని సెలవులు తపస్సు చేశామో లెక్కలేదు.

ఇక సాయంత్రాలు. దీపం పెట్టేవేళకు పనులన్నీ ముగించి ఇద్దరూ వచ్చి టీవీ ముందు కంబళి పరుచుకుని కూర్చునేవాళ్ళు. మధ్యలో రిమోట్. పెద్దమ్మకు తెలుగు సీరియళ్ళు ప్రాణం. చిన్నమ్మకు కేబుల్ అతను వేసే ఊరి చానల్. చుట్టుపక్కల పల్లెల్లో పండగకు ఎద్దులను వదిలి పరిగెత్తిస్తారు, అవన్నీ తీసి ఏడాది పొడవునా తిప్పి తిప్పి వేస్తుంటాడు. చిన్నమ్మ అన్నకు ఒకప్పుడు పేరున్న ఎద్దు ఉండేది. ఏ ఎద్దు దుమ్ము రేపుకుంటూ వచ్చినా ఆమెకు అది అన్న ఎద్దు మనవడిలాగే కనిపించేది. ఒకరు సీరియల్ పెడతారు, ఇంకొకరు రిమోట్ లాక్కుని ఎద్దులు పెడతారు. ఒక్కమాట లేదు. చేతుల పోట్లాటే.

సీరియల్ నడుస్తున్నంతసేపూ పెద్దమ్మ తెర మీది మనుషులతో మాట్లాడేది. "ఏమమ్మా, అంత పొగరు పనికిరాదు. తోడికోడలు అంటే అక్క లెక్క" అని తెర మీది ఎవరినో హెచ్చరిస్తే, పక్కన కంబళి మీద చిన్నమ్మ మూతి మూడు వంకరలు తిరిగేది. కాసేపటికి ఎద్దులొచ్చాక చిన్నమ్మ వంతు. "అబ్బా, ముసిలి ఎద్దుకు కొమ్ములు సూడు, ఇంకా ఎంత పొడుగుండాయో!" ఇద్దరూ ముఖాలు తిప్పుకోకుండా, తెర వైపే చూస్తూ, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా కూర్చుని ఉండేవాళ్ళు.

తర్వాత చిన్నమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. వారంలో కొన్ని రోజులు రక్తం శుభ్రం చేసే మిషను మీద పడుకోవాలన్నారు. కృష్ణగిరిలో కూతురి ఇంటికి ఆస్పత్రి దగ్గర. అల్లుడు కారు తెచ్చి తీసుకుపోయాడు. బయల్దేరే రోజు నేనూ ఉన్నాను. చిన్నమ్మ వాకిట్లో నిలబడి కుక్కతో చెప్పింది: "పోయొస్తాను కుక్కా. ఆవుకు సాయంత్రం దాణా ఎక్కువ ఎయ్యొద్దని చెప్పు, కడుపు ఉబ్బరిస్తాది." లోపలి నుంచి పెద్దమ్మ బిందెతో అంది: "అన్నీ మాకు తెలుసులే అని చెప్పు." కారు పోయింది. పెద్దమ్మ బయటికి రాలేదు.

నెల తర్వాత నేను పోయేసరికి ఆ ఇంట్లో నిజంగా మాటల్లేవు. పెద్దమ్మ రోలుతో కూడా మాట్లాడటం మానేసింది. టీవీలో సీరియల్ నడుస్తోంది, రిమోట్ ఆమె ఒళ్ళో ఉంది, లాక్కునేవాళ్ళు లేరు. ఆమె తెర వైపు కాకుండా వాకిలి వైపు చూస్తోంది.

"ఏమప్పా, నువ్వు కరెంటు పనోడివి గదా" అంది హఠాత్తుగా. నేను హోసూరులో ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ పని చూస్తాను. "ఈ టీవీని ఆడికి పంపిచ్చే దానికి అయితాదా?"

"ఎందుకు పెద్దమ్మా? వాళ్ళింట్లో టీవీ ఉంది కదా."

"ఇంకో టీవీ గాదురా. ఈ టీవీ. ఈడ ఏముంటే ఆడ అదే ఉండాల."

"దానికంటే ఫోన్ చేసి మాట్లాడొచ్చు కదా."

పెద్దమ్మ నా వైపు చూసిన చూపుకు, నేనేదో కూడని మాట అన్నానేమో అనిపించింది. "మాటల్లేవు గదరా మాకు" అంది.

నా అదృష్టం, మా ఫ్యాక్టరీలోనే ఒక సేలం అతను ఉండేవాడు. మస్కట్‌లో పనిచేసిన రోజుల్లో సేలంలోని తన ఇంటి టీవీని అక్కడ చూసుకోవడానికి వాడిన పెట్టె ఒకటి అతని అటక మీద పడి ఉంది. ఇంట్లో టీవీకి వచ్చే బొమ్మను ఆ పెట్టె ఇంటర్నెట్టుకు ఎక్కిస్తుంది, ఎంత దూరాన ఉన్న ఫోన్‌లోనైనా అదే బొమ్మ కనిపిస్తుంది. పెట్టె నుంచి వచ్చే ఒక వైరు చివర చింతగింజంత గాజు కన్ను ఉంటుంది. దాన్ని కేబుల్ బాక్సు ముందు అంటిస్తే, అక్కడ ఫోన్‌లో చానల్ నొక్కినప్పుడు ఇక్కడ రిమోట్ నొక్కినట్టే పనిచేస్తుంది. అవతల ఎవరైనా చూస్తున్నంతసేపూ పెట్టె మీద పచ్చ దీపం వెలుగుతుంది.

ఒక లోపం ఉంది. అవతలివాళ్ళు చానల్ మారిస్తే ఇంట్లో టీవీ కూడా దానంతటదే మారిపోతుంది. ఇవతలివాళ్ళు మారిస్తే అవతలా మారిపోతుంది. ఉన్న బాక్సు ఒకటే కదా. ఈ సంగతి ముందే చెప్పకపోతే తర్వాత తిట్లు తినాలని, పెద్దమ్మకు విడమర్చి చెప్పాను.

ఆమె కళ్ళు మెరిశాయి. "అట్లయితేనే కావాల" అంది.

కేబుల్ అతనితో ఇంటర్నెట్టు లైను లాగించి, పెట్టె బిగించి, కృష్ణగిరి పోయి చిన్నమ్మ ఫోన్‌లో అన్నీ పెట్టి, ఎలా నొక్కాలో చూపించి మళ్ళీ పల్లెకొచ్చాను. ఆ సాయంత్రం పెద్దమ్మ తల దువ్వుకుని, కంబళి పరుచుకుని, సీరియల్ పెట్టుకుని కూర్చుంది. పక్కన చిన్నమ్మ చోటు ఖాళీగా వదిలింది. పచ్చ దీపం వెలిగింది. తెర మీద అత్తగారు ఎవరినో కొట్టడానికి చెయ్యెత్తింది, అంతలో అత్తగారూ లేదు, చెయ్యీ లేదు. దుమ్ము లేపుకుంటూ ఎద్దులు.

"వచ్చినాది సూడు మహాతల్లి!" అని పెద్దమ్మ అరిచిన అరుపుకు వీధిలో కుక్క లేచింది. నవ్వుతోంది, కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, చెయ్యి మాత్రం రిమోట్ కోసం వెతుకుతోంది. మళ్ళీ సీరియల్. మళ్ళీ ఎద్దులు. చింత చచ్చినా పులుపు చావలేదు! కొండలూ గుట్టలూ దాటి అంత దూరం నుంచి ఆ ఇద్దరూ రిమోట్ లాక్కోవడం చూస్తూ నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఆ పెట్టె తయారుచేసినవాడు కలలో కూడా అనుకుని ఉండడు, దాన్ని ఇలా వాడుకునేవాళ్ళుంటారని.

దానంతటదే మారే టీవీ అని ఊళ్ళో పుకారు లేచింది. చిన్నాయన ఆత్మ తిరుగుతోందని ఒకరిద్దరు నమ్మారు కూడా. పెద్దమ్మ వాళ్ళ నమ్మకాన్ని చెడగొట్టలేదు. "ఆ, ఆయప్పకు కూడా ఎద్దులంటేనే ఇష్టం" అని తలూపేది.

నన్ను నిజంగా విస్మయపరిచింది ఆ తర్వాత. పోయిన ప్రతిసారీ గమనించాను. చానల్ మారే తీరు చూసి, కృష్ణగిరిలో చిన్నమ్మ ఎలా ఉందో పెద్దమ్మ చెప్పేసేది. టకటకా మారుస్తుంటే, "ఈ దినం ఒళ్ళు బాగుండాది, తిన్నాది" అనేది. ఒకసారి మార్చి ఊరుకుంటే, "కాళ్ళు వాచినట్లుండాయి." మిషను మీద పడుకుని వచ్చిన రోజు చిన్నమ్మకు ఫోన్ పట్టుకునే ఓపిక కూడా ఉండదు, కూతురు దిండుకు ఆనించి పెడుతుందట. ఆ రోజుల్లో పెద్దమ్మ సీరియల్ పెట్టేది కాదు. తనే ఎద్దులు పెట్టి, పచ్చ దీపం ఆరిపోయేదాకా కూర్చునేది. ఆ ఎద్దుల్లో ఆమె చూసేదేమీ లేదు, తల గోడకు ఆనించి కునుకుతూ ఉండేది.

"ఏంది పెద్దమ్మా, నీకు ఇష్టం లేదు కదా" అంటే, "సుమ్మనే, ఊరికే పెట్టినాను. రోజూ ఆ ఏడుపులు సూడలేక" అని సీరియళ్ళ మీద నెపం తోసేది.

పోయిన ఏడాది మామిడికాయల కాలంలో ఒక ఆదివారం పోయాను. పెద్దమ్మ టీవీ ముందు కూర్చుని ఉంది. తెర మీద రంగురాళ్ళ ఉంగరాలు అమ్ముతున్నాడెవడో. ఆ ప్రకటన వస్తే చాలు చిన్నమ్మకు ఒళ్ళు మండిపోయేది. ఎంత కోపమంటే, ఒకసారి రిమోట్ కనిపించక లేచి వెళ్ళి కరెంటు స్విచ్చే కట్టేసింది.

"ఇదెందుకు పెట్టావు?"

పెద్దమ్మ పెట్టె వైపు చెయ్యి చూపించింది. పచ్చ దీపం వెలుగుతోంది.

"సూస్తా ఉండాది. నిన్న సీరియలు పెడితే మార్చలేదు. మొన్నా మార్చలేదు. నిద్ర పోయిందేమో అనుకున్నాను. ఇప్పుడు ఈ రాళ్ళోడిని పెట్టినాను. ఎంతసేపయింది తెలుసా? సూస్తా ఉండాది, మార్చలేదురా."

"ఫోన్ ఆన్‌లో పెట్టి ఎక్కడికైనా పోయి ఉంటుంది."

"యాడికి పోతాది, లేస్తేనే గదా" అంది. కాసేపు ఆ ఉంగరాలవాడినే చూసి, గొంతు తగ్గించి అంది: "అది బతుకు ఇడిచిపెట్టేసినాదప్పా."

మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. ఆ మొండితనం వెనక అంత భయం దాగి ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆమె లేచి పోయి సంచిలోకి రాగిపిండి ఎత్తడం మొదలుపెట్టింది.

తెల్లవారి షేర్ ఆటోలో సూళగిరికి, అక్కడి నుంచి కృష్ణగిరి బస్సు. పెద్దమ్మ ఒళ్ళో రాగిపిండి సంచి పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. మామిడికాయల లారీలు మమ్మల్ని దాటిపోతున్నాయి. దారంతా ఆమె నాతో ఒక్కమాటే అంది: "నేనేం మాట్లాడాలప్పా ఆడ?" అడిగింది నన్ను కాదు, తనను తానే.

తలుపు తీసిన చిన్నమ్మ కూతురు మమ్మల్ని చూడగానే బావురుమంది. "మిషనుకు పోనంటా ఉండాది పెద్దమ్మా. పోయిన వారం నుంచి పోలేదు. డాక్టరు తిట్టినాడు. ఇట్లే ఉంటే ఊపిరి ఆడదన్నాడు. నేను చెప్పినాను, ఆయన చెప్పినాడు, ఎవరు చెప్పినా వినేది లేదు. ఎన్నాళ్ళు ఈ పీకులాట, ఇడిచిపెట్టండి నన్ను అంటాది."

లోపల మంచం మీద చిన్నమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ముఖం ఉబ్బింది. దిండు పక్కన ఫోన్. అందులో మా ఇంటి టీవీ నడుస్తోంది. పెద్దమ్మ దాన్ని కట్టేయకుండానే వచ్చేసింది.

పెద్దమ్మ మంచం కాళ్ళ దగ్గర కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత, అలవాటు ప్రకారం, ఎదురుగా ఉన్న బీరువా వైపు తిరిగింది.

"ఓ బీరువా, రాగిపిండి తెచ్చినాను. సంగటి చేసి పెట్టమను."

చిన్నమ్మ కదల్లేదు.

"ఓ బీరువా, ఆవు ఈనింది. పెయ్యదూడ. నుదుట తెల్లమచ్చ ఉండాదని చెప్పు."

ఏ కుక్కతోనో, ఏ కిటికీతోనో సమాధానం రావాలి. ఇన్నేళ్ళలో చిన్నమ్మ జవాబు చెప్పకుండా వదిలిన మాట ఒక్కటి కూడా నాకు గుర్తులేదు. రాలేదు. చిన్నమ్మ వీపు గోడకంటే నిశ్శబ్దంగా ఉంది.

"ఓ బీరువా..." అని మళ్ళీ మొదలుపెట్టి పెద్దమ్మ ఆగిపోయింది. పెద్దమ్మ బీరువా వైపే చూస్తోంది. కూతురు తలుపు దగ్గర నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. నేను గడప మీదే ఉండిపోయాను. పెద్దమ్మ మెడ నరాలు బిగుసుకున్నాయి, పెదవులు రెండుసార్లు కదిలి మళ్ళీ మూసుకున్నాయి. పేడ తట్ట నెత్తినెత్తుకుని గుట్ట ఎక్కేటప్పుడు కూడా ఆమె అంత కష్టపడటం నేను చూడలేదు.

అప్పుడామె బీరువా మీది నుంచి చూపు తిప్పి, నేరుగా చిన్నమ్మను చూసింది. ఉబ్బిన ఆ పాదం మీద చెయ్యి వేసింది.

"లెయ్యి చెల్లా" అంది. "మిషనుకు పోదాం."

చిన్నమ్మ వీపు ఒక్కసారి బిగుసుకుంది. మెల్లగా, ఒక చేత్తో మంచం పట్టె పట్టుకుని, ఇటు తిరిగింది. ఆ ఉబ్బిన ముఖంలో కళ్ళు చిన్నవైపోయాయి. వాటితోనే పెద్దమ్మను తేరిపార చూసింది.

"ముందు నువ్వే మాట్లాడినావక్కా."

"ఊఁ."

"ఓడిపోయినావు."

"ఓడిపోయినాను" అంది పెద్దమ్మ. కొంగు నడుముకు దోపుకుని లేచి, చెయ్యి చాచింది. "ఓడిపోయినాను లే తల్లీ. నడు."